చేప గీత దాటితే ఎవరిది? వేడెక్కుతున్న సముద్రం, సముద్ర చట్టం, మన వేటగాళ్లు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు హైదరాబాదులో లా రెండో సంవత్సరం చదువుతున్నారు. మీ మేనమామ శ్రీకాకుళం జిల్లా నుంచి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోటు మీద కళాసీగా పనిచేస్తున్నారు. సముద్రం వేడెక్కి చేపలు చోటు మారుస్తున్నాయి, దేశాల గీతలు మాత్రం అక్కడే ఉన్నాయి, మరి ఆ చేప ఎవరిది అంటున్నారు. దాని వెనక వెళ్లి పట్టుబడినవాడికి అంతర్జాతీయ చట్టం అండగా ఉంటుందా అని అడిగారు. తీరమే లేని ఊళ్లో కూర్చుని ఈ సబ్జెక్టు చదవడంలో అర్థం ఉందా అని కూడా అడిగారు.

నేను చేపల వేట చట్టాల మీద ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. చాలాకాలం విశాఖలో, ఇప్పుడు ఇక్కడ హైదరాబాదులోనే.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, అది సులువు కాబట్టి. దేశంలో వేటకు వెళ్లే బోట్లకు "ఇవాళ చేప ఈ వైపు ఉండొచ్చు" అనే కబురు వెళ్లేది మన ప్రగతినగర్ నుంచే. 1999లో మొదలైన ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం, అక్కడ ఉంది. ఉపగ్రహాలు కొలిచిన నీటి పైపొర వేడిని, చేపలకు మేతయ్యే సూక్ష్మమైన నాచు ఎక్కడ దట్టంగా ఉందో ఆ లెక్కను కలిపి, తీర భాషలన్నిటిలో సమాచారం పంపుతారు. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు కూడా ఈ ఊళ్లోనే ఉంది. పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తూ చేప ఆకారంలో కట్టిన ఆ భవనం మీరు చూసే ఉంటారు. ఇంకో మాట. జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రైబ్యునల్‌లో 1996 నుంచి 2017 వరకు న్యాయమూర్తిగా ఉండి, 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షుడిగా పనిచేసిన పి. చంద్రశేఖరరావు గారు తెలుగువారు. కాబట్టి తీరం లేదన్న దిగులు పెట్టుకోకండి.

మృగశిర కార్తె రోజు రాంనగర్ చేపల మార్కెట్‌కు ఎప్పుడైనా వెళ్లారా? కాలు పెట్టే సందు ఉండదు. కానీ ఆ రోజు మార్కెట్‌లో సముద్రపు చేప తక్కువ, ఉన్నా ధర మండిపోతుంది. కారణం చట్టమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పశ్చిమ తీరంలో జూన్ 1న మొదలై జూలై 31 దాకా. అంటే జూన్ మొదటి పక్షంలో రెండు తీరాలూ ఒకేసారి మూతబడతాయి, మృగశిర సరిగ్గా అందులోనే వస్తుంది. చేప గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం ఇస్తారు. నీళ్లు వేడెక్కితే గుడ్లు పెట్టే కాలం కూడా జరుగుతుంది. తేదీలు మాత్రం కాగితం మీద అలాగే ఉంటాయి. మీరు గీతల గురించి అడిగారు, ఈ తేదీల సంగతీ అలాంటిదే.

ఇక అసలు విషయం.

1982 డిసెంబర్ 10న జమైకాలోని మాంటెగో బేలో ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. 1994 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. మన దేశం 1995లో, పాకిస్తాన్ 1997లో ఆమోదించాయి. దీని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 370 కిలోమీటర్లు, ప్రత్యేక ఆర్థిక మండలి. ఆ తర్వాతది బహిరంగ సముద్రం.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆర్థిక మండలిలో ఈదే చేప ఆ దేశపు ఆస్తి కాదు. అక్కడ దాన్ని పట్టే హక్కు, కాపాడే బాధ్యత మాత్రమే ఆ దేశానివి. చేప గీత దాటిన క్షణాన ఆ హక్కు పక్క దేశానికి పోతుంది. పెరట్లోని కోడి పక్కింటి గోడ దాటినా మనదే. చేప అలా కాదు, వలలో పడేదాకా ఎవరిదీ కాదు. కాబట్టి "మా చేప అటు వెళ్లింది, మేమూ వెళ్లాం" అనే వాదన ఏ కోర్టులోనూ నిలవదు. మీ మామయ్యకు ఈ ఒక్కమాట తప్పకుండా చెప్పండి.

కానీ చట్టం అక్కడితో ఆగలేదు. 61వ అధికరణం ప్రకారం తీర దేశం తన నీళ్లలో ఎంత పట్టొచ్చో శాస్త్రీయంగా నిర్ణయించాలి, అతివేటతో చేప అంతరించిపోకుండా చూడాలి. ఒకే చేపల గుంపు రెండు దేశాల మండలుల్లో తిరిగితే ఏం చేయాలో 63వ అధికరణం చెబుతుంది. ట్యూనాలాగా సముద్రాలు చుట్టివచ్చే చేపలకు 64వ అధికరణం ఉంది. నదిలో పుట్టి సముద్రంలో పెరిగే చేపలకు 66వది. గోదావరికి ఎదురీదే పులస మీకు గుర్తొస్తే సరిగ్గానే గుర్తొచ్చింది. అలాంటి చేప మీద మొదటి బాధ్యత, మొదటి ఆసక్తి అది పుట్టిన నది ఉన్న దేశానివే అని ఆ అధికరణం అంటుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నవాళ్లం, దాన్ని కాపాడే బాధ్యత కూడా మనదేనని చట్టంలో రాసి ఉందని ఎంతమందికి తెలుసు?

63వ అధికరణం దగ్గర కాసేపు ఆగండి. మీ ప్రశ్నకు కీలకం అక్కడే ఉంది. గుంపు ఇద్దరిదైతే దేశాలు "ఒప్పందానికి రావాలి" అని అది అనదు. ఒప్పందానికి రావడానికి "ప్రయత్నించాలి" అంటుంది. ఆ ఒక్క క్రియాపదం బలహీనంగా ఉండటం వల్ల ఎన్ని గొడవలు జరిగాయో చూడండి. ఉత్తర అట్లాంటిక్‌లో మాకెరల్ అనే చేప ఉంది, మన కానగర్తకు దూరపు చుట్టం. దాన్ని నార్వే, యూరోపియన్ యూనియన్, ఫారో దీవులు పంచుకునేవి. ఐస్‌లాండ్ నీళ్లలో అది పెద్దగా ఉండేది కాదు. ఈ శతాబ్దం మొదటి దశకం చివరికి నీళ్లు వెచ్చబడి గుంపులు గుంపులుగా అటు వచ్చింది. ఐస్‌లాండ్ తనకు తానే కోటా వేసుకుని ఏటా లక్ష టన్నులకు పైగా పట్టడం మొదలుపెట్టింది. "మా నీళ్లలోకి వచ్చి మా మేత తింటున్న చేప" అన్నది వాళ్ల వాదన. "మేము ఇన్నాళ్లు కాపాడిన చేప" అన్నది అవతలివాళ్ల వాదన. చట్టం ప్రకారం ఇద్దరూ పూర్తిగా తప్పు కాదు. అందరి కోటాలూ కలిపితే శాస్త్రవేత్తలు చెప్పిన హద్దు దాటిపోయేది. నష్టపోయింది చేప. డబ్బు, శాస్త్రం, దౌత్యం అన్నీ ఉన్న దేశాలే ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోతే, మన బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల సంగతి ఊహించుకోండి.

మన నీళ్లలో ఏం జరుగుతోంది? కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైపొర 1951 నుంచి 2015 మధ్య సగటున 1 డిగ్రీ వేడెక్కింది. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. ఒంటికి ఒక డిగ్రీ జ్వరం వస్తే ఎలా ఉంటుందో, చేపకు అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే దాని ఒంటి వేడి నీటి వేడే. నూనె కవ్వళ్లు ఒకప్పుడు కేరళ, కర్ణాటక తీరాల చేప. 1980ల తర్వాత మన తూర్పు తీరంలోనూ బాగా పడటం మొదలైంది. కానగర్త పైనీళ్లలో తిరిగే చేప, ఇప్పుడు అడుగు గీకే ట్రాల్ వలల్లో కూడా పడుతోంది. పైన వేడి, కింద చల్లదనం అని లోతుకు దిగింది.

కానగర్త అనగానే ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ప్రపంచమంతా ఈ చేపను పిలిచే శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానగుర్త. ఆ రెండో మాట మన తెలుగు మాటే. పద్దెనిమిదో శతాబ్దం చివర పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖలో చేపల బొమ్మలు వేయించి, మన జాలర్లు చెప్పిన పేర్లు రాసుకున్నాడు. 1803లో అచ్చయిన ఆ పేర్ల నుంచే శాస్త్రవేత్తలు దీన్ని తీసుకున్నారు. పేరు చెప్పిన ఆ జాలరి ఎవరో మనకు తెలియదు. ఆయన మాట మాత్రం ప్రపంచంలోని ప్రతి చేపల పట్టికలోనూ ఉంది.

అయితే ప్రతి నష్టాన్నీ వాతావరణం ఖాతాలో వేయకండి. కేరళలో నూనె కవ్వళ్లు 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడ్డాయి. 2021కి 3,500 టన్నులకు లోపు వచ్చేశాయి. సముద్రపు వేడి, ఎల్ నినో అందులో కారణాలే. కానీ వల కన్ను చిన్నదై, గుడ్డు పెట్టే వయసు రాని పిల్లచేపలను టన్నులకు టన్నులు పట్టి దాణా ఫ్యాక్టరీలకు పంపడం కూడా కారణమే. ఇది నా గట్టి అభిప్రాయం: వేడెక్కే సముద్రంలో మన చేతిలో ఉన్నది వల ఒక్కటే, ముందు దాన్ని సరిచేసుకోవాలి. ఇందులో చట్టపరమైన చిక్కు ఒకటుంది. మన రాజ్యాంగంలో ప్రాదేశిక జలాల లోపలి వేట రాష్ట్రాల జాబితాలో ఉంది, దాని అవతల వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. చేపకు రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా తెలియవు. ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి సముద్ర వేట చట్టం ఉంది, కానీ 12 మైళ్ల అవతల మన బోట్లకే సరైన నియమాలు లేకుండా దశాబ్దాలు గడిచాయి. 2025 నవంబర్‌లో కేంద్రం ఆర్థిక మండలికి నియమాలు ప్రకటించింది. ఎల్‌ఈడీ దీపాలతో వేటను, రెండు బోట్లు కలిసి లాగే వలను నిషేధించింది. ఆలస్యమైనా మంచి పని.

ఇప్పుడు అంతర్జాతీయ కోర్టులు కొత్తగా ఇచ్చిన అభిప్రాయాల సంగతి. మీరు లా విద్యార్థి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

చిన్న ద్వీప దేశాలు కలిసి 2022 డిసెంబర్‌లో హాంబర్గ్ ట్రైబ్యునల్‌ను ఒక సలహా అభిప్రాయం అడిగాయి. 2024 మే 21న అది ఏకగ్రీవంగా జవాబిచ్చింది. మనుషులు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు లాంటివి కూడా ఒడంబడికలో చెప్పిన "సముద్ర కాలుష్యం" కిందికి వస్తాయని తేల్చింది. 1982లో ఆ ఒడంబడిక రాసినవాళ్లు వాతావరణ మార్పు అన్న మాటే వాడలేదు. అయినా వాళ్లు కాలుష్యానికి ఇచ్చిన నిర్వచనంలోకి వేడి కూడా వస్తుంది. సముద్రంలోకి నేరుగా గానీ పరోక్షంగా గానీ పదార్థాన్ని, శక్తిని చేర్చి హాని చేయడం అని. ఆ "శక్తి" అన్న మాటే నలభై ఏళ్ల తర్వాత పనికొచ్చింది.

పత్రికలన్నీ ఆ భాగమే రాశాయి. మనకు కావాల్సింది ఇంకొకటి. 61వ అధికరణం కింద వేట హద్దులు నిర్ణయించేటప్పుడు వాతావరణ మార్పు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవడం దేశాల బాధ్యత అని ట్రైబ్యునల్ చెప్పింది. 63వ అధికరణంలో "ప్రయత్నించాలి" అన్నదాన్ని కూడా గట్టిపరిచింది. పొరుగు దేశాలు చిత్తశుద్ధితో సంప్రదింపులు జరపాలి, ఉమ్మడి గుంపులను కాపాడే చర్యలు తేవడమే ఆ సంప్రదింపుల ఉద్దేశం కావాలి, ఆ చర్యల్లో సముద్రపు వేడి, ఆమ్లత లెక్కకు రావాలి అంది. సలహా అభిప్రాయానికి తీర్పులా కట్టిపడేసే బలం లేదు. కానీ రేపు ఏ కేసులోనైనా మొదట విప్పేది ఈ పేజీలే.

గీతలు జరుగుతాయా అన్నదానికి మాత్రం జవాబు స్పష్టంగానే ఉంది: జరగవు. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరాన్ని సముద్రం ఎలా కోసేస్తోందో మీకు తెలుసు. కొలత మొదలయ్యే తీరం వెనక్కి పోతే 200 మైళ్ల గీత కూడా వెనక్కి పోవాలా? 2025 జూలై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ మార్పు మీద ఇచ్చిన అభిప్రాయంలో, ఒకసారి సక్రమంగా ప్రకటించిన గీతలను సముద్ర మట్టం పెరిగిందని మళ్లీ మార్చాల్సిన పని లేదంది. మన ప్రభుత్వం 2009లోనే ఆధార రేఖల (కొలత మొదలుపెట్టే గీతల) బిందువులను గెజిట్‌లో ప్రకటించింది. బంగాళాఖాతంలో ఇదే మాట అంతకుముందే వినిపించింది. 1970 తుఫాను తర్వాత సుందరవనాల ముందు ఒక దీవి పైకి లేచింది. మనం న్యూ మూర్ అన్నాం, బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అంది, ఇద్దరం మాదంటే మాదన్నాం. 2010 నాటికి అది నీళ్లలో కలిసిపోయింది. 2014 జూలైలో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ రెండు దేశాల సముద్ర సరిహద్దు తేల్చింది, వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. వాతావరణ మార్పు వస్తుందన్న భయం ప్రపంచంలో స్థిరపడిన సరిహద్దులను కదిలించకూడదని ఆ ట్రైబ్యునల్ చెప్పింది. ఆ ట్రైబ్యునల్‌లో భారత్ తరఫున నియమితులైన సభ్యుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. కొన్ని అంశాల్లో ఆయన విభేదించి విడిగా రాశారు. మీరు అది తప్పకుండా చదవాలి.

గీత స్థిరంగా ఉండటం మంచిదే అంటాను. అది కదిలితే బలమైన నౌకాదళం ఉన్నవాడిదే రాజ్యం. కదలాల్సింది వాటా. ఏ గుంపులో ఎవరికి ఎంత అన్నది కొన్నేళ్లకొకసారి చేప ఉన్న చోటును బట్టి తిరిగి లెక్కవేసే ఒప్పందాలు కావాలి. హిందూ మహాసముద్రపు ట్యూనా కమిషన్‌లో ఇప్పుడు నడుస్తున్న పేచీ ఇదే. దూరదేశాల పెద్ద ఓడలు "ఇన్నేళ్లు మేము పట్టాం, మా చరిత్ర చూడండి" అంటాయి. తీర దేశాలు "చేప మా నీళ్లలో ఉంది" అంటాయి. భారత్ లాంటి చిన్న పడవల దేశానికి పాత పట్టుబడుల చరిత్రే కొలమానమైతే అన్యాయం.

ఇక మీ మామయ్య గురించి. మీ ప్రశ్నలో నన్ను కదిలించింది ఆ భాగమే.

ఒడంబడికలోని 73వ అధికరణం కంఠస్థం చేయండి. ఆర్థిక మండలిలో వేట నియమాలు ఉల్లంఘించిన విదేశీ బోటును పట్టుకోవచ్చు. కానీ తగిన పూచీకత్తు కడితే బోటును, మనుషులను వెంటనే వదలాలి. ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు. బోటు ఏ దేశానిదో ఆ దేశానికి వెంటనే తెలియజేయాలి. విదేశీ బోట్ల వేట మీద మన 1981 నాటి చట్టం కూడా ప్రాదేశిక జలాలకు, ఆర్థిక మండలికి మధ్య తేడా పాటిస్తుంది. విదేశీ బోటు మన ప్రాదేశిక జలాల్లో పట్టుబడితే జైలు ఉంది, ఆర్థిక మండలిలో పట్టుబడితే జరిమానాయే.

కాబట్టి ఎక్కడ పట్టుబడ్డారన్నదే ప్రాణం. 12 మైళ్ల లోపల అయితే 73వ అధికరణం వర్తించదు. పాక్ జలసంధిలో సముద్రం చాలా చోట్ల ఇరుకు, గీత దాటగానే శ్రీలంక సొంత జలాలే, అందుకే తమిళ జాలర్లకు ఇది అక్కరకు రావడం లేదు. గుజరాత్ వైపు చిక్కు వేరు. గుజరాత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే పాయ మీద తగాదా తేలలేదు కాబట్టి అక్కడ ఇరు దేశాలూ ఒప్పుకున్న సముద్ర సరిహద్దే లేదు. ఒప్పుకోని గీతను దాటాడని ఒక కళాసీని జైల్లో పెట్టడం నా దృష్టిలో ఘోరం.

2018 నవంబర్‌లో వెరావల్ నుంచి వెళ్లిన ఉత్తరాంధ్ర వేటగాళ్లు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. ఏడాదికి పైగా. హాంబర్గ్ ట్రైబ్యునల్‌లో సత్వర విడుదల అనే దారి ఉంది, 292వ అధికరణం. చంద్రశేఖరరావు గారు అధ్యక్షుడిగా ఉన్నప్పుడే 2000లో కమూకో అనే ఓడ కేసులో ఫ్రాన్స్ దాన్ని పూచీకత్తు మీద వదలాలని తీర్పొచ్చింది. కానీ ఆ దరఖాస్తు వేయాల్సింది బోటు దేశం గానీ, దాని అనుమతితో ఆ దేశం తరఫున వేసేవారు గానీ. ఇంట్లోవాళ్లు నేరుగా వేయలేరు. ఇప్పటిదాకా ఆ తలుపు తట్టినవి పెద్ద ఓడల కేసులే. నలభై అడుగుల మరబోటు కోసం ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

పనికొచ్చే దారి ఇంకొకటుంది. భారత్, పాకిస్తాన్ మధ్య 2008లో కాన్సులర్ ఒప్పందం కుదిరింది. దాని కింద ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు, మత్స్యకారుల జాబితా విడిగా ఉంటుంది. జాబితాలో పేరు ఉన్నవాడు భారతీయుడని మన ప్రభుత్వం ధ్రువీకరిస్తేనే విడుదల కదులుతుంది. ఆలస్యం ఎక్కువగా అక్కడే. నేను చూసిన ఒక కేసులో బోటు యజమాని కళాసీల పేర్లు ఎక్కడా రాయలేదు. జీతం చేతికిచ్చేవాడు, కాగితం లేదు. ఆ మనిషి ఆ బోటులో ఉన్నాడని నిరూపించడానికి ఇంట్లోవాళ్లు నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. అతని భార్య రేషన్ కార్డు, పెళ్లి ఫొటో పట్టుకుని నా ముందు కూర్చున్న రోజు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అందుకని మీరు ఇప్పుడే చేయాల్సినవి చెబుతాను. మామయ్య మత్స్యకారుల గుర్తింపు కార్డు, ఆధార్ ఫొటోలు మీ ఫోన్‌లో ఉంచుకోండి. ఆయన ఎక్కిన బోటు రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని పేరు, ఊరు రాసి పెట్టుకోండి. బోటు మారిన ప్రతిసారీ ఫోన్ చేసి చెప్పమనండి. రేవు దాటేముందు టోకెన్‌లో, అంటే వేటకు వెళ్లేటప్పుడు ఇచ్చే చీటీలో, తన పేరు ఎక్కిందో లేదో ఆయన్నే చూసుకోమనండి. బోటులో ట్రాన్స్‌పాండర్, అంటే బోటు ఎక్కడుందో తెలిపే పరికరం, ఉంటే దాన్ని ఆపనివ్వకూడదని బోటు నడిపే సరంగుతో చెప్పమనండి. "గీత దగ్గరకు వెళ్తున్నామని కనబడుతుంది" అని కొందరు ఆపేస్తారు. కానీ మనం గీత దాటలేదని, లేదా 12 మైళ్ల అవతలే ఉన్నామని రేపు చూపించగలిగే సాక్ష్యం అదొక్కటే.

చదువు విషయానికొస్తే, ముందు ఒడంబడికలోని 55 నుంచి 75 వరకు అధికరణాలు, వ్యాఖ్యానాలేవీ లేకుండా, మూలమే చదవండి. తర్వాత 2024 అభిప్రాయంలో చేపల భాగం. ఆ తర్వాత ఒకరోజు ప్రగతినగర్ వెళ్లి చేపల సమాచారం ఎలా తయారవుతుందో చూడండి, విద్యార్థులు ముందుగా రాస్తే చూపిస్తారు. ఆ పటాల్లో సరిహద్దు దగ్గరి చేప ప్రాంతాలు ఏళ్లు గడిచేకొద్దీ ఎటు జరుగుతున్నాయన్నది మీ పరిశోధనా పత్రానికి మంచి విషయం. రాయడం మొదలుపెడితే నాకు పంపండి, చదివి చెబుతాను. మామయ్య బోటు గుజరాత్‌లో ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో కూడా కనుక్కుని చెప్పండి.